మా అక్క చేతిలో మా బావ మైకు

మా బావకి మా అక్క మీద కుళ్ళు పుట్టింది. పిల్లలు కాలేజీ దాటాక, జుట్టు నెరిశాక, ఇప్పుడు! ఇంకెవరైనా అయితే పోల్చుకోలేకపోయేవాళ్ళేమో గానీ, అక్కని చూసి కుళ్ళుకోవడంలో నాకు చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది. పొడుగు జడ దానిది, మంచి రంగు గౌన్లు దానివి, ఇంటికొచ్చిన వాళ్ళ మెచ్చుకోళ్ళన్నీ దానివి. కాబట్టి ఆ జబ్బు ఎలా ముదురుతుందో నన్నడిగితే చెబుతాను. ముందు నవ్వు ఒకవైపుకే వస్తుంది. తర్వాత చప్పట్లు కొట్టబోతే చేతులు బరువెక్కుతాయి. ఆ పైన తిండి సహించదు. మా బావకి ఇవన్నీ వరసగా వచ్చాయి.

మా బావ బస్టాండులో అనౌన్సరు. "ప్రయాణికులకు గమనిక" అని ఆయన గొంతు సవరించుకుంటే బెంచీల మీద పడి నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి సంచులు తడుముకుంటారు. ఆయన కూర్చునే గదికి కిటికీ లేదు. కంట్రోలరు తలుపు సందులోంచి తల పెట్టి "మూడో నంబర్లో ఎక్స్‌ప్రెస్" అంటాడు. బావ ఆ ముక్క పట్టుకుని, దానికి కావలసిన హంగులన్నీ తగిలించి మైకులో వదులుతాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇంతే. బస్సుల గురించి ఊరందరికీ చెప్పే మనిషి, పనిలో ఉండగా ఒక్క బస్సునీ కళ్ళారా చూసి ఎరగడు.

ఫుట్‌బాల్ కూడా ఆయనకి అలాగే అబ్బింది. చాలా ఏళ్ళ కిందట, ఒక ప్రపంచ కప్పు జరిగే రోజుల్లో, డిపో వెనక క్వార్టర్ల వీధిలో టీవీ ఉన్నది వీళ్ళింట్లోనే. అదీ చిన్న పెట్టె. వీధి వీధంతా వచ్చి పడితే లోపల పట్టినవాళ్ళు కొందరు, మిగతా అందరూ గుమ్మం బయట నిలబడి "ఏమైంది, ఏమైంది" అని ఒకటే గోల. పైగా టీవీలో వచ్చే కామెంటరీ మాలో ఎవరికీ రాని భాష. అప్పుడు బావ గుమ్మంలో నిలబడి వీధి వైపు తిరిగాడు. అక్క లోపల టీవీ ముందు కూర్చుని "ఎర్ర చొక్కా... ఎడం పక్క... పక్కవాడికిచ్చాడు" అంటూ ఉంటే, ఈయన అందుకుని "అదిగో! ఎడమ వైపు నుంచి ఎర్ర చొక్కా వీరుడు దూసుకొస్తున్నాడు!" అని గోడలు అదిరేలా అరిచాడు. ఆ ఏడాది లోపల కూర్చుని చూసినవాళ్ళ కంటే బయట నిలబడి విన్నవాళ్ళే ఎక్కువ ఆనందపడ్డారు.

తర్వాత అందరిళ్ళల్లోకీ టీవీలొచ్చాయి. అయినా ప్రపంచ కప్పు వచ్చిందంటే ఇంట్లో కూర్చుని చూసేవాడు మా వీధిలో లేడు. సైకిల్ మెకానిక్కు ఒక ప్రొజెక్టరు సంపాదించాడు. డిపో వెనక గోడకి తెల్లటి తెర కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, టీవీవాళ్ళ శబ్దం తీసేసి, బావ చేతికి మైకిస్తాడు. బావ తెరకి వీపు పెట్టి, ముందు వరస ఎదురుగా, జనం వైపు తిరిగి నిలబడతాడు. జనం మొహాలు కనిపించకపోతే ఆయనకి మాట పెగలదు. ఆయన ఎడమ చెవి పక్కనే ఒక స్టూలు మీద, తెర వైపు తిరిగి అక్క. డిపోలో బస్సు సీట్లకి కవర్లు కుట్టే పని దానిది. ఒళ్ళో ఒక కవరు పెట్టుకుని, సూది ఆడిస్తూనే తలెత్తి చూస్తూ మెల్లగా గొణుగుతూ ఉంటుంది. స్టూలు కింద నుంచి వైర్లు పోతాయి కాబట్టి వాటిని ఎవరూ తన్నకుండా కాపలా కూర్చుందని జనం అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి మా బావ కూడా అలాగే అనుకోవడం మొదలుపెట్టాడు.

ఈసారి కప్పు దగ్గర పడేసరికి వీధికి పూనకం వచ్చినంత పనైంది. పిట్టగోడలకి రంగులు, బాల్కనీల్లో జెండాలు, టీ కొట్టు దగ్గర రెండు ముఠాలు. కండక్టరుగా రిటైరైన పెద్దాయన పసుపు చొక్కాల జట్టు మనిషి. ఆయన సొంత తమ్ముడు నీలం చొక్కాల మనిషి. ఇద్దరూ మాటలు మానేసి, అయినా ఒకే బెంచీకి అటు చివర ఒకరూ ఇటు చివర ఒకరూ కూర్చుని టీ తాగుతున్నారు. సరిగ్గా అప్పుడే మా బావ గొంతు పోయింది.

డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసింది. "లోపల చిన్న బుడిపె లేచింది. కొయ్యక్కర్లేదు, అదే తగ్గుతుంది. కానీ నేను చెప్పేదాకా మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు" అంది.

"అంటే నోరు మూసుకోమంటారు" అన్నాను తోడు వెళ్ళిన నేను.

"అంతే" అందావిడ. మా బావని ఆ మాట అని బతికి బట్టకట్టిన మొదటి మనిషి ఆవిడే.

ఆఫీసువాళ్ళు ఆయన్ని తెచ్చి, బస్టాండులో నేను పనిచేసే పార్సిల్ కౌంటర్లో నా పక్కన కూర్చోబెట్టారు. నేను చీటీ రాయాలి, ఆయన అంటించాలి. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చేతులు తిప్పుతాడు, నేను అర్థం చెబుతాను. బావ నోరు మరదలి చేతికి దొరకడమంటే మాటలా! ఫ్యాను తిరగట్లేదని ఆయన వేలు గుండ్రంగా తిప్పి చూపిస్తే, "మీరు మెలేసిన మీసం భలే ఉందంటున్నారండీ" అని కంట్రోలరుకి చెప్పేదాన్ని. కంట్రోలరు సిగ్గుపడి మీసం సవరించుకునేవాడు. బావ నా వైపు గుడ్లురిమేవాడు. బావుండేది. కానీ ఆ సరదా ఎన్నాళ్ళో లేదు.

కప్పుకి ముందు జట్లు ఒళ్ళు వేడి చేసుకోవడానికి స్నేహపు మ్యాచ్‌లు ఆడతాయి కదా, వాటిలో మొదటిదానికి ఒక సాయంత్రం అందరం తెర ముందు చేరాం. బావ మెడకి మఫ్లరు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మెకానిక్కు గతిలేక టీవీ శబ్దం పెట్టి చూశాడు. లోపలెవడో ఊపిరి తీసుకోకుండా వాగుతున్నాడు.

"తీసెయ్యవయ్యా బాబూ, బుర్ర తినేస్తున్నాడు!" అని కండక్టరు పెద్దాయన కసిరాడు.

శబ్దం ఆగిపోయింది. అందరం నోళ్ళు కుట్టేసినట్టు కూర్చుని చూస్తున్నాం. అప్పుడు స్టూలు దగ్గర ఏదో సన్నటి గొణుగుడు వినబడింది. అక్క! పక్కన మొగుడు లేడన్న ధ్యాసైనా లేకుండా, అలవాటు కొద్దీ, "నీలం... కుడి పక్క... వెనక్కిచ్చాడు" అంటూ కుట్టుకుంటోంది.

మెకానిక్కు వెళ్ళి మైకు దాని నోటి దగ్గర పెట్టాడు. "అదేదో కాస్త గట్టిగా అను వదినా."

అక్క ఉలిక్కిపడి బావ వైపు చూసింది. బావ 'కానీ, కానీ' అన్నట్టు చెయ్యి ఊపాడు, ఏదో ధర్మం చేస్తున్నవాడిలా. ఆ చెయ్యి ఊపినందుకు తర్వాత ఎంత ఏడ్చుకున్నాడో నాకు తెలుసు.

మొదట్లో ముక్కలు ముక్కలుగానే చెప్పింది. కాసేపటికి, నోట్లోంచి లాక్కుని అరిచేవాళ్ళు పక్కన లేరు కదా, మాటలకి తీరిక దొరికింది. "ఆ పదో నంబరు కుర్రాడు అలిగాడండీ. ఇందాకట్నుంచీ వాడికెవ్వరూ బంతివ్వట్లేదు. చూడండి, ఇప్పుడిచ్చినా మనసు పెట్టి ఆడడు" అంది. నిజంగానే పదో నంబరుకి బంతి వచ్చింది. కాలితో అలా పక్కకి తోసేసి నడుం మీద చేతులేసుకు నిలబడ్డాడు. జనం గొల్లుమన్నారు. "గోలుకీపరుకి పాపం పనే లేదు. ఇంటికి తాళం వేశానా లేదా అని ఆలోచిస్తున్నాడు. ఒరే నాయనా, బంతి వస్తోంది, తాళం సంగతి తర్వాత!" అంది. ఆయన ఉలిక్కిపడి బంతి మీదికి దూకాడు. ఇంతకాలం చొక్కాల రంగులే పరిగెత్తిన తెర మీద, ఆ సాయంత్రం అలకలూ బద్ధకాలూ పంతాలూ ఉన్న మనుషులు పరిగెత్తారు. ఆట అయ్యాక ఎవరు గెలిచారన్నది వదిలేసి ఆడవాళ్ళంతా అక్క చుట్టూ మూగారు.

బావ నవ్వాడు. ఒకవైపుకే.

మర్నాడు పార్సిల్ కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట. కండక్టరు పెద్దాయనైతే పార్సిలేదీ లేకుండానే వచ్చాడు. "ఇన్నాళ్ళూ మీ ఆవిణ్ణి ఎక్కడ దాచావయ్యా? ఆవిడ చెబుతుంటే ఆ గోలుకీపరు నా మేనల్లుడేమో అనిపించింది" అన్నాడు.

బావ జిగురు పూసిన చీటీని ఒక పెట్టె మీద పెట్టి అరచేత్తో టపాటపా బాదాడు. లోపల గాజు సామాను గలగలమంది.

"ఏమంటున్నాడమ్మా?"

"పొంగిపోతున్నాడండీ" అన్నాను.

"పోన్లే. మరి కప్పుకి కూడా ఆవిడేగా?"

బావ రెండు చేతులూ అడ్డంగా ఊపి, గుండె మీద గుద్దుకుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "కప్పుకి తనేనంటున్నాడు" అని ఉన్నదున్నట్టే చెప్పాను. పెద్దాయన "ఓహో... అలాగా" అని నీరుగారిపోయాడు. ఆ నీరుగారడం బావ కళ్ళారా చూశాడు. ఆ పూట తెచ్చుకున్న క్యారియరు మూత కూడా తీయలేదు.

నాకూ మండలేదంటే అబద్ధం. ఏళ్ళ తరబడి ఆ కౌంటర్లో కూర్చుంటున్నాను, నా మొహం ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడేమో "మీరు ఆవిడ చెల్లెలట కదా!" అని వంగి మరీ చూస్తున్నారు. నేనూ బావా పక్కపక్కనే కూర్చుని, ఒకే కడుపుమంటతో చీటీలు అంటించుకున్నాం.

రెండో స్నేహపు మ్యాచ్‌కి జనం ఇంకా ముందే వచ్చి కూర్చున్నారు. నీలం జట్టువాడు ఒకడు గోలు కొట్టాడు. కెమెరా ఆ జట్టు అదనపు ఆటగాళ్ళ బెంచీ మీదికి తిరిగింది. "ఆ చివరాయన్ని చూడండి. గోలు కొట్టింది తన చోట్లో ఆడుతున్న కుర్రాడు. చప్పట్లు కొట్టకపోతే బావుండదు కాబట్టి కొడుతున్నాడు. చేతులు మాత్రం ఒకదానికొకటి తగలట్లేదు" అంది అక్క.

అది తెర వైపే చూస్తూ చెప్పింది. జనం మాత్రం ముందు వరస వైపు చూశారు. అక్కడ మా బావ సరిగ్గా అలాగే చప్పట్లు కొడుతున్నాడు. ఇక చూడాలి ఆ నవ్వులు! మెకానిక్కయితే కుర్చీ మీంచి జారి కింద పడ్డాడు. బావ మఫ్లరు లాగి పారేసి లేచి వెళ్ళిపోయాడు.

నేను వెనకే వాళ్ళింటికి వెళ్ళాను. కాసేపటికి అక్కా వచ్చింది. ఏం జరిగిందో దానికి దార్లో ఎవరో చెప్పారట. "మీరలా కూర్చున్నారని నాకేం తెలుసండీ? వెనక నాకేమన్నా కళ్ళున్నాయా?" అంది. బావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కంచం ముందు పెడితే తోసేశాడు. ఉన్నట్టుండి లేచి అక్కని వేలెత్తి చూపించి, తన పెదాలు రెండు వేళ్ళతో నొక్కి మూసి, సూదితో కుడుతున్నట్టు గాల్లో చెయ్యి ఆడించి, నా వైపు తిరిగి 'చెప్పు' అన్నట్టు తలాడించాడు.

కంట్రోలరు మీసం దగ్గర ఆడినట్టు ఇక్కడ ఆడబుద్ధి కాలేదు. "నోరు మూసుకుని నీ సీట్లు నువ్వు కుట్టుకోమంటున్నాడే" అన్నాను.

"ఆయనే అన్నాడా, నువ్వు కలిపావా?"

"ఆయనే."

అక్క ఆయన తోసేసిన కంచం తీసి పక్కన పెట్టింది. దానికి కోపమొస్తే గొంతు లేవదు, ఇంకా తగ్గుతుంది. "అలాగే. చివరి స్నేహపు మ్యాచ్ లోపల మీ గొంతు వచ్చేస్తుంది. మైకు మీదే. ఆ రోజు నేను ఆ స్టూలు మీద కూర్చోను, జనంలో కూర్చుని చూస్తాను. నాకూ కుర్చీలో కూర్చుని చూడాలనుంది" అంది.

బావ మొహం వెలిగిపోయింది. గెలిచాననుకున్నాడు. స్టూలు ఖాళీ అయితే తన గతేమిటన్నది ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు. నా ఎదురుగా మా అక్కని అంత మాటన్నవాడికి నేనెందుకు చెప్పాలి?

అనుకున్నట్టే డాక్టరమ్మ మాట్లాడొచ్చంది. బస్టాండులో మళ్ళీ "ప్రయాణికులకు గమనిక" మోగగానే డ్రైవర్లు హారన్లు కొట్టి మరీ పలకరించారు. బావ ఛాతీ రెండింతలైంది. వీధివాళ్ళు మాత్రం ఇరుకున పడ్డారు. వాళ్ళకి అక్కే కావాలి, ఆయన మొహం మీద ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి మెకానిక్కు నెపం గొంతు మీదికి నెట్టాడు. "అన్నా, చివరి స్నేహపు మ్యాచ్ నువ్వు చెప్పు. గొంతు నిలబడిందా, కప్పంతా నువ్వే. నిలబడకపోతే వదిన. నీ ఆరోగ్యం కోసమే అంటున్నా."

"నా గొంతుకేమొచ్చింది? కప్పు నాదే, రాసిపెట్టుకో" అన్నాడు బావ.

ఆ సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పసుపు చొక్కాలకీ ఎర్ర చొక్కాలకీ ఆట. కుర్చీలు చాలక వెనక కొందరు నిలబడ్డారు. అక్క నాలుగో వరసలో నా పక్కన కూర్చుంది. చేతిలో కుట్టుపని లేదు. బావ జనం వైపు తిరిగి, మైకు ఎత్తి, "ప్రియమైన ప్రేక్షకులారా!" అన్నాడు. గొంతు ఖంగుమంది. ఈలలు, కేకలు. "ఇదిగో, ఆట మొదలైంది! బంతి..."

ఆగాడు. ఎడమ చెవి కొంచెం వెనక్కి వాల్చాడు. అక్కడేమీ వినబడలేదు.

"బంతి... మైదానంలో ఉంది!"

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బావ గిరుక్కున తెర వైపు తిరిగాడు. అన్ని కాళ్ళలో బంతి ఏ కాళ్ళ దగ్గరుందో వెతికి పట్టుకుని, "పసుపు చొక్కా!" అంటూ జనం వైపు తిరిగేసరికి అది ఎర్ర చొక్కాల దగ్గరికి పోయింది. మళ్ళీ తెర, మళ్ళీ జనం. నాలుగైదుసార్లు అలా తిరిగేసరికి ఆయనకే తల తిరిగినట్టుంది. ఇక లాభం లేదని జనం మొహాలు చూసి చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో కండక్టరు పెద్దాయన కుర్చీ మీంచి ఎగిరి లేచాడు. ఆయనది పసుపు జట్టు కదా, లేచాడంటే ఇంకేముంది!

"గోల్! పసుపు చొక్కాల గోల్! అద్భుతం! అమోఘం!"

"నీ అమోఘం తగలెయ్య! పడింది మాకయ్యా!" అని పెద్దాయన నెత్తి పట్టుకున్నాడు.

నవ్వులతో గోడలు అదిరాయి. బావ చెవులు ఎర్రబడ్డాయి. "అదే, అదే, ఎర్ర చొక్కాల గోల్" అని గొంతు ఇంకా పెంచాడు. గొంతుకి మాత్రం ఏ లోటూ లేదు. అది చూసి నాకు ఇంకా జాలేసింది.

ఇక్కడ మా వరసలో అక్క నా కోసం అన్నట్టు నెమ్మదిగా మొదలెట్టింది. "ఆ గోలు తిన్న కీపరు చూడవే. ఎవరూ తిట్టకముందే తనే అందరినీ తిడుతున్నాడు." నా పక్కావిడ ఇటు ఒరిగింది. మూడో వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. తెర చూస్తూనే కుర్చీలు ఇంతింత జరుపుకుని మా దగ్గరికి వచ్చారు. కాసేపటికి బావ మైకులో అరుస్తున్నది దాదాపు ఖాళీ అయిన ముందు వరసతో.

ఆయన మైకు ఆపేశాడు. అక్కకి ఆ సంగతి తెలియదు. అది ఆటలో మునిగిపోయి చెబుతూనే ఉంది. ముసలితనం దగ్గర పడ్డ ఒక ఆటగాడి గురించి, ఇదే తన చివరి కప్పని వాడికి తెలుసనీ, అందుకే బంతిని వదల్లేక వదల్లేక వదులుతున్నాడనీ. అందరం ఊపిరి బిగబట్టి వింటున్నాం. బావ కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి దాని వెనక నిలబడ్డాడు. పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. మొహం చూశాను. అసూయే, సందేహం లేదు, ఆ మొహాన్ని నేను పోల్చుకోలేనా! కానీ ఆయన చూస్తున్నది అక్కని కాదు. చుట్టూ కూర్చుని వింటున్న మమ్మల్ని, ఒక్కొక్కళ్ళనీ.

"ఏమే" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు. "ఇన్నేళ్ళు నా చెవి పక్కనే కూర్చున్నావు. నాకెప్పుడూ ఇలా చెప్పలేదేం?"

అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. "మీరడిగింది బంతి ఎవరి దగ్గరుందనే కదండీ."

"సరే. ఇప్పుడడుగుతున్నా. నాకు చెప్పు" అన్నాడు.

"ఇప్పుడా?" అంది అక్క. ఈసారి తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన చేతిలోని మైకు తీసుకుని, మీట నొక్కి, సరిగ్గా పలుకుతోందో లేదో వేలితో కొట్టి చూసుకుంది. "ఇప్పుడు అందరితో పాటే వినండి."

బావ కూర్చోవడానికి చోటు కోసం అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేవలేదు.